తీగతో కట్టిన సున్నా

వదలమన్నారు, వదల్లేదు, జరిగింది అంతే. దానికే రెఫరీ జేబులోంచి పసుపు కార్డు తీసి నా ముక్కు ముందు పెట్టి, గీత అవతలున్న కుర్చీ చూపించి పొమ్మంది, వచ్చి కూర్చున్నాను. రెండు నిమిషాలు. చిన్నప్పుడు బళ్ళో గోడకుర్చీ వేయించేవాళ్ళు, ఇది దానికంటే నయం, ఇక్కడ నిజంగానే కుర్చీ ఉంది. తెల్ల ప్లాస్టిక్‌ది, వెనక కాలొకటి నెర్రె ఇచ్చింది, నా బరువుకి ఆగుతుందా అని కూర్చోకముందే చూసుకున్నాను. అలవాటు. ఇళ్ళు మార్చే కంపెనీలో సామాన్లు మోసేదాన్ని, కుర్చీ కనబడితే ముందు దాని కాళ్ళే చూస్తాను. పక్కన స్టాప్‌వాచ్ పట్టుకుని ఒక అధికారిణి నిలబడింది, ఎండకి కళ్ళు చికిలించుకుని గడియారం వంకే చూస్తోంది తప్ప నా వంక చూడదు. తప్పు చేసినవాళ్ళ మొహం చూడకూడదని వీళ్ళకి చెప్పి పంపుతారో ఏమో. నేను తలొంచుకుని కూర్చుంటాననుకుంటే మాత్రం పొరపాటు. వంచను. మెడ నిలబెట్టే కూర్చున్నాను, మోకాలి మీంచి నెత్తురు కారి మేజోడులోకి దిగుతుంటే దిగనీ.

లోపల మావాళ్ళు ఆరుగురు, అవతల ఏడుగురు. సమానంగా ఉన్నప్పుడే ఇరవయ్యారు పాయింట్లు మా నెత్తిన పెట్టారు, ఇప్పుడు నేనూ లేను, ఇక చూసుకోవాలి. ఎనిమిది దేశాల ఆడవాళ్ళ జట్లు వచ్చాయి ఈ రగ్బీ పోటీకి, పెద్ద మైదానంలో ఫైనల్‌కి పాటలు మోగుతున్నాయి, ఆ గోల గోడ దాటి ఇక్కడికీ వినిపిస్తోంది. మాది ఏడో స్థానం కోసం ఆట. అంటే ఇది కూడా ఓడితే ఎనిమిది, అంతకంటే కిందికి మెట్లు లేవు. అందుకని మాకు ఈ పక్క మైదానం ఇచ్చారు, గడ్డి సగమే ఉంది, కెమెరా అంటే కర్రకి కట్టిన ఫోను. స్కోరు బోర్డంటే చెక్క చట్రం, మేకులు, మేకులకి తగిలించే రేకు అంకెలు. అది సరిగ్గా నా కుర్చీ పక్కనే ఉంది, ఆ రెండు నిమిషాలూ దాన్ని చూస్తూ కూర్చోవడం కూడా శిక్షలో భాగమేమో. వాళ్ళవైపు ఇరవయ్యారు. మావైపు సున్నా. గుండ్రంగా, నున్నగా, నల్లరంగు కొత్తగా వేసి ఉంది, మిగతా అంకెలు అరిగిపోయాయి గానీ ఇది మాత్రం నిగనిగలాడుతోంది. దాన్ని మేకుకి తీగ చుట్టి కట్టేశారు. ఒక చుట్టు కాదు, నాలుగైదు చుట్లు, చివర మెలిపెట్టి మరీ కట్టారు. ఎందుకు కట్టారో నాకు బోధపడలేదు.

వదలకపోవడం నాకు నేర్పింది మేస్త్రి. పనిలో చేరిన వారం, లిఫ్టు లేని ఇల్లు, ఇరుకు మెట్లు, ఫ్రిజ్జు దించుతున్నాం. కింద ఆయన, పైన నేను. మలుపులో చెమటకి నా చెయ్యి జారింది. "అమ్మో, జారుతోంది" అన్నాను. "జారుతుంటే ఇంకా గట్టిగా పట్టాలి తల్లీ, నాకు చెబితే ఏం లాభం" అన్నాడు. ఫ్రిజ్జు చాటున మనిషి కనబడడు, గొంతొక్కటే. "వదిలితే నీ చేతికేం కాదు. కింద ఉన్నది నేను." ఆ మాట చెవిలోంచి కాదు, వేళ్ళలోంచి లోపలికి వెళ్ళింది. అప్పట్నించి ఎన్ని బీరువాలు, ఎన్ని మంచాలు, ఒకసారైతే పియానో, దాని యజమాని వెనకాలే నడుస్తూ ఏడుస్తున్నాడు పిల్లని అత్తారింటికి పంపుతున్నట్టు. ఒక్కటీ వదల్లేదు. ఆడమనిషి వచ్చిందేమిటి, మగవాళ్ళని పంపమన్నాం కదా అన్నవాళ్ళ వాషింగ్ మెషిన్లు కూడా వదల్లేదు, వదలాలనిపించింది గానీ. ఇప్పుడు ఇక్కడేమో, పట్టి పడేసిన మనిషిని పడేసిన మరుక్షణం వదిలెయ్యాలట. రగ్బీలో నియమం అది. అవతలి తొమ్మిదో నంబరు పిల్ల మా చివరి గీతకి రెండడుగుల దూరంలో దొరికింది, నడుం పట్టి పడేశాను, బాగానే పడింది. కానీ ఆ పిల్ల బంతితో చెయ్యి చాపితే చాలు గీత తగులుతుంది, అయిదు పాయింట్లు, గీత మీద మేం మిడత అని పిలిచే పిల్ల ఒక్కతే ఉంది, నలభై అయిదు కేజీలు, దాని మీద ముగ్గురు పడబోతున్నారు. రెఫరీ "వదులు, వదులు" అని అరుస్తోంది. నా వేళ్ళకి ఆ భాష రాదు. పడబోయేదాన్ని పట్టుకోవడమే వాటికి తెలుసు, నా వెనక మనిషి ఉన్నప్పుడు అసలు వదలవు. కార్డు చూపించినప్పుడు కూడా చెయ్యి ఇంకా ఆ పిల్ల చొక్కాలోనే ఉంది, ఒక్కో వేలూ నేనే విప్పుకోవలసి వచ్చింది.

"నిలబడండి! నిలబడండి!" అది టీచరమ్మ గొంతు. మా కెప్టెన్, నిజంగానే లెక్కల టీచరు, మైదానంలో కూడా వెనక బెంచీకి వినిపించేలాగే అరుస్తుంది. ఆవిడ ఇల్లు మారుతుంటే సామాను మొయ్యడానికి వెళ్ళాను ఒకప్పుడు. ఇనప బీరువా, బట్టలు తియ్యకుండానే ఎత్తమన్నారు, మెట్ల దగ్గర నాతో ఉన్నవాడు నడుం పట్టుకుని కూలబడ్డాడు, మిగతాది నేనే గోడకి ఆనించుకుంటూ దించాను. టీచరమ్మ గుమ్మంలో నిలబడి నన్నూ బీరువానీ మార్చి మార్చి చూసి, "సాయంత్రాలు ఖాళీయేనా?" అంది. ఇంకో ఇల్లు మారేది ఉంది కాబోలనుకున్నాను. తాడూ గోతాలూ చేతి తొడుగులూ పట్టుకుని చెప్పిన చోటికి వెళితే అక్కడ ఇల్లూ లేదు, సామానూ లేదు, పదిమంది ఆడపిల్లలు కోలగా ఉన్న బంతి కోసం మట్టిలో దొర్లుతున్నారు. "ఏం మొయ్యాలమ్మా?" అన్నాను. అందరూ నవ్వారు. టీచరమ్మ నవ్వలేదు, బంతి నా చేతిలో పెట్టింది. "దీన్ని. ఆ చివరి గీతదాకా. దారిలో వీళ్ళందరూ అడ్డొస్తారు." ఇంతేనా, దీనికి బరువే లేదు అన్నాను. ముగ్గురిని ఈడ్చుకుంటూ వెళ్ళి గీత అవతల పెట్టి వచ్చాను. ఆ రోజు నుంచి నా పేరు బీరువా. మగవాళ్ళ జట్టు వాడి పారేసిన జెర్సీలు మాకిస్తే అందరూ చేతులు మడుచుకుని నడుం దగ్గర ముడేసుకుంటారు, నాకొక్కదానికే కుట్టించినట్టు సరిపోయింది.

వచ్చేసింది, అదిగో, వాళ్ళ పొడుగుపిల్ల, నేనుండాల్సిన చోట్లోంచే. నా ఖాళీ అక్కడ తలుపు తీసినట్టు ఉంది, అందులోంచి నడుచుకుంటూ వెళ్ళింది, పరుగు కూడా కాదు. బంతిని గీత అవతల పెట్టి నవ్వుతోంది. నేను కుర్చీ చేతులు పట్టుకున్నాను, ప్లాస్టిక్ కిర్రుమంది. మావాళ్ళు ఆరుగురూ తలలు వేలాడేసుకుని గోల్ కర్రల కిందికి చేరారు, అంత దూరం నుంచి కూడా మిడత భుజాలు ఎగిరిపడడం కనిపిస్తోంది. ఏడవకు పిచ్చిదానా, ఏడవకు, వాళ్ళు చూస్తారు. పైన ఇంకో రెండు పాయింట్ల కోసం వాళ్ళు బంతిని కర్రల మధ్యకి తన్నారు, పక్కకి పోయింది, పోనీ అదొక్కటైనా దేవుడు చూశాడు. బోర్డు దగ్గర కూర్చున్నాయన బద్ధకంగా లేచి ఇరవయ్యారు తీసి ముప్పయ్యొకటి తగిలించాడు. మా వైపు కళ్ళెత్తి కూడా చూడలేదు. అడగకుండా ఉండలేకపోయాను.

"ఏవండీ, మా అంకెకి ఆ తీగేమిటి?"

"గాలికి ఎగిరిపోతోందమ్మా పొద్దుట్నించీ" అన్నాడు, పాపం మంచివాడిలాగే ఉన్నాడు. "ఎలాగూ మార్చేది లేదు కదా అని కట్టేశాను."

మార్చేది లేదు కదా! అందులో వెటకారం కూడా లేదు, అదీ నా కడుపు మంట. వెటకారమైతే తిరిగి ఒక మాట అనొచ్చు. ఇది ఎండ కాస్తోంది అన్నంత మామూలుగా అన్నాడు. పోయినేడు ఇదే పోటీకి వెళ్ళి అన్ని ఆటల్లోనూ సున్నాలతో తిరిగొస్తే వీధి చివర దర్జీ నన్ను చూసినప్పుడల్లా బొటనవేలూ చూపుడువేలూ కలిపి గుండ్రంగా చూపించేవాడు, మా అత్తయ్య ఒకరోజు వాడి కొట్లోకి వెళ్ళి టేపు లాక్కుని, ఆ వేళ్ళ కొలత తీసుకో, నీ నోటికి గుండీ కుట్టిస్తాను అంది. అత్తయ్యకి ఈ ఆటా, నా పనీ ఇష్టమేం కాదు. ఇంట్లో చెంబు కూడా చోటు మార్చని మనిషివి, వీధుల్లో ఇళ్ళకిళ్ళే మార్చేస్తావు అని సణుగుతుంది. కానీ బయల్దేరేటప్పుడు గుమ్మం దాకా వచ్చింది. "గెలవకపోతే పోనియ్, అమ్మాయ్. కాళ్ళూ చేతులూ సరిగ్గా పట్టుకుని రా. ఆ సున్నా మాత్రం మళ్ళీ నా గుమ్మంలోకి తేకు." ఇప్పుడు ఇంట్లో, ఆ కర్ర మీది కెమెరా పంపే బొమ్మని తన ఫోనులో చూస్తూ, నా కూతుర్ని ఒళ్ళో పెట్టుకుని, కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చుని ఉంటుంది. కార్డు ఎందుకిచ్చారే, బహుమతా అని నా కూతుర్ని అడుగుతూ ఉంటుంది. అవును బహుమతే, మంచి ఆటకి కుర్చీ ఇచ్చారని చెప్పమను.

సెక్రటరీగారు ఎక్కడున్నాడా అని చూశాను. నీడలో ఉన్నాడు, ఇంకెక్కడుంటాడు, మా సంఘం పెద్ద, మాతో వచ్చిన ఒకే ఒక్క కోటు. పొద్దున టిఫిను దగ్గర రొట్టెకి వెన్న రాసుకుంటూ చెప్పాడు, మూలమూలలకీ అందేలా నిదానంగా రాస్తూ. "చూడండమ్మా, ఓడిపోవడం తప్పు కాదు. కానీ పోయినేడు సున్నా, ఈయేడు మూడాటల్లోనూ సున్నా. ఇవాళ కూడా ఒక్క పాయింటు రాకపోతే వచ్చేయేడు ఆడవాళ్ళ జట్టు వద్దని సంఘం అనుకుంటోంది. మీకూ ఇళ్ళూ పనులూ ఉంటాయి. ఇక వదిలెయ్యండి." మిడత అప్పటిదాకా తింటున్నది పక్కన పెట్టేసింది. దానికి పంతొమ్మిదేళ్ళు, నర్సు చదువు, ఈ ఆట కోసం రాత్రి డ్యూటీలన్నీ నెత్తినేసుకుని పగలు పరిగెత్తే పిల్ల. వచ్చేయేడు లేదంటే దానికి ఏం మిగులుతుంది? నాకైతే పియానోలున్నాయి. టీచరమ్మ మాత్రం సెక్రటరీగారి వెన్న కత్తి వంకే చూస్తూ, "ఒక్కటి చాలా సార్?" అంది. ఆయన నవ్వాడు. ఒక్కటి చాలు అన్నాడు, ఇచ్చేవాడిలాగా. నాకు ఒళ్ళు మండింది, ఇప్పటికీ మండుతోంది, ఎవడి ఇంట్లో సామాను ఎవడు పంచుతున్నాడు?

ఈ ఆటలో నాకు నచ్చిన న్యాయం ఒకటుంది. పాయింట్లు కొట్టినవాళ్ళే మళ్ళీ బంతిని అవతలివాళ్ళకి తన్నాలి. ఎన్నిసార్లు కొడితే అన్నిసార్లు. కర్రల కింద ప్రతిసారీ టీచరమ్మ చెప్పేది అదే, "ఏడుపులు తర్వాత, బంతి మనకే వస్తోంది." ఇప్పుడూ అదే చెబుతోంది, ఇక్కణ్ణించే పెదాలు తెలుస్తున్నాయి. వాళ్ళు తన్నారు. బంతి ఎండలోకి లేచింది, మిడత దాని కిందికి వెళ్ళింది, పట్టింది, అబ్బ, పట్టింది! పరిగెత్తవే. ఒకదాన్ని దాటింది, రెండోది గుద్దింది, బంతి వాళ్ళ చేతికి పోయింది. అయిపోయింది. అధికారిణి పెదవి కదుపుతూ లెక్క చూస్తోంది. నా చేతులు ఒళ్ళో ఊరికే ఉన్నాయి, వాటిని చూశాను, ఇంకా సగం ముడుచుకునే ఉన్నాయి, కనబడని ఫ్రిజ్జు పట్టుకున్నట్టు. మేస్త్రి ఆ రోజు ఇంకో మాట కూడా అన్నాడు. ఫ్రిజ్జు కింద దింపాక, నేలకి తగిలాక, నేనింకా పట్టుకునే ఉన్నాను భయంతో, దాని కింద వేళ్ళు నలిగి గోరు నల్లబడింది. ఆయన నా చెయ్యి కుళాయి కింద పెట్టించి, "నేల తగిలేదాకా నీది, తగిలాక నేలది. అప్పుడు వేళ్ళు లాక్కోవాలి, ఇంకో సామాను ఎత్తాలిగా" అన్నాడు. ఇన్నేళ్ళు మొదటి మాట ఒక్కటే పట్టుకుని వేలాడాను. నేలది. నేలకి తగిలాక వదిలితే అది ఓడిపోవడం కాదు, ఇంకోటి ఎత్తడానికి చేతులు ఖాళీ చేసుకోవడం. వేళ్ళు చాపాను. ముడిచాను. మళ్ళీ చాపాను.

హూటర్ మోగింది. టైము అయిపోయిందని. కానీ ఈ ఆటలో టైము అయినా ఆట అవదు, బంతి ఆగితేనే అవుతుంది. బంతి వాళ్ళ చేతిలో ఉంది, పక్క గీత అవతలికి ఒక్క తన్ను తన్నితే ముగిసిపోయేది, స్నానాలకి వెళ్ళిపోవచ్చు. తన్నలేదు. ఇంకొకటి కొడదామని ఆశపడ్డారు, ముప్పయ్యొకటి చాలలేదు వాళ్ళకి, సున్నావాళ్ళ మీద ఇంకొకటి కొడితే ఎవరొద్దంటారు. ఆరుగురు ముందుకు వచ్చేశారు, వెనక కాపలాకి ఒక్కతే మిగిలింది. రండి, రండి, మీ పుణ్యముంటుంది, ఆపకండి. "వెళ్ళు" అంది అధికారిణి, గడియారం మీంచి కళ్ళు తియ్యకుండానే, "మీవాళ్ళ వెనక నుంచి." కుర్చీ వెనక్కి పడిపోయింది.

మా గీత వైపు అడ్డంగా పరిగెత్తాను. నేను వేగం మనిషిని కాదు, కానీ ఒకసారి కదిలితే ఆగడం నాకే కష్టం. తొమ్మిదో నంబరే వస్తోంది, అదే పిల్ల, అదే చోటుకి, నన్ను చూసింది, కుర్చీలో ఉండాల్సింది ఇక్కడికెలా వచ్చిందన్నట్టు చూసింది. నడుం పట్టాను. ఎత్తలేదు, తొయ్యలేదు, దించాను, గాజు సామానులాగా, నేల తగిలేదాకా నాది. తగిలింది. వదిలాను. రెండు చేతులూ పైకెత్తి రెఫరీకి చూపించాను, చూడమ్మా, పదివేళ్ళూ చూడు, ఖాళీ. లేచి నిలబడ్డాను. నిలబడ్డవాళ్ళకి బంతి ఎత్తే హక్కుంది. వంగాను, ఎత్తాను. దీనికి బరువే లేదు.

తలెత్తితే ముందు, దూరంగా ఆ కాపలా పిల్ల తప్ప, ఎవరూ లేరు. అంత ఖాళీ నేను ఈ మైదానంలో ఎప్పుడూ చూడలేదు, సామానంతా తీసేసిన ఇల్లులాగా ఉంది. పరిగెత్తాను. వెనక అడుగులు వినిపిస్తున్నాయి, నా ఊపిరి నాకే రంపం కోస్తున్నట్టు వినిపిస్తోంది, మధ్యగీత దాటాను, మోకాలు మంట, అత్తయ్య ఇప్పుడు కుర్చీలోంచి లేచి ఉంటుంది, ఫోను పగలగొడుతుందేమో. కాపలా పిల్ల ఎదురొస్తోంది, నా జెర్సీ వెనక ఎవరిదో చెయ్యి పడింది. లాగుతోంది. నేను పట్టుకున్న బంతిని ఎవరు లాక్కుంటారు, పడితే దీంతోనే పడతాను, ఇది నాది, నాది, ఎవరికీ ఇవ్వను. "అక్కా! ఇటు!" మిడత గొంతు, ఎడమవైపు, కొంచెం వెనకగా. రగ్బీలో బంతిని వెనక్కే ఇవ్వాలి. నా వేళ్ళు బిగుసుకున్నాయి, ఇన్నేళ్ళ బీరువాలన్నీ కలిసి బిగించాయి. నేనే కింద పడబోతున్నాను, ఇంకేం నేల కావాలి నీకు, వదలవే, ఇది పిల్లది. వదిలాను. మొహం మట్టిలో గుచ్చుకుంది. ఏమీ చూడలేదు, విన్నాను. మిడత అడుగులు నేలలోంచి నా చెంపకి తెలుస్తున్నాయి, చిన్నవి, తొందరవి, దూరమవుతున్నవి, వాటి వెనక ఎవరివీ లేవు. తర్వాత టీచరమ్మ అరుపు. ఈసారి అందులో మాట లేదు.

లేచేసరికి మిడత గీత అవతల బంతి మీద బోర్లా పడుకుని ఉంది, లేవమంటే లేవడం లేదు, బంతి ఇవ్వమంటే ఇవ్వడం లేదు. అయిదు పాయింట్లు. టీచరమ్మ కర్రల మధ్యకి తన్నింది, ఎక్కడికో పోయింది, పోనియ్, అడిగింది ఒక్కటే. రెఫరీ ఈల వేసింది. ముప్పయ్యొకటి, అయిదు. మేం ఓడిపోయాం, ఎనిమిదో స్థానం, అవతలివాళ్ళు మమ్మల్ని వింతగా చూస్తున్నారు, ఓడినవాళ్ళు ఇంత గెంతుతారా అని. బోర్డు దగ్గర ఆయన తీగతో కుస్తీ పడుతున్నాడు. గోళ్ళతో గీకుతున్నాడు, పళ్ళు పెట్టాలా అని చూస్తున్నాడు, సొంతంగా కట్టిన ముడి సొంతంగా విప్పుకోలేక చెమటలు పట్టేశాయి. "రాసుకున్నాం కదమ్మా, కాగితం మీద అయిదే ఉంది, బోర్డుదేముంది ఇక, ఆట అయిపోయింది" అన్నాడు. "మార్చాలి" అన్నాను. సెక్రటరీగారు నీడలోంచి వచ్చి కోటు సర్దుకుంటూ ఫొటోకి రమ్మంటున్నాడు, వచ్చేయేటి సంగతి మాట్లాడదాం రమ్మంటున్నాడు. "ఉండండి సార్, పనిలో ఉన్నాం" అంది టీచరమ్మ. ఏడుగురం బోర్డు చుట్టూ నిలబడ్డాం, బయట కూర్చున్న మిగతావాళ్ళూ వచ్చారు.

సామాన్లు కట్టడం, విప్పడం నా వృత్తి. మెలి ఎటు తిరిగిందో చూసి దానికి ఎదురు తిప్పాను, ఒక్కో చుట్టూ ఊడింది, చివరి చుట్టు వేలు కోసింది. సున్నా నా చేతిలోకి వచ్చింది. ఎండకి కాలిపోతోంది. ఆయన దాని చోట అయిదు తగిలించాడు, అరిగిపోయిన పాత అయిదు, గాలికి అటూ ఇటూ ఊగింది, ఎవరూ కట్టలేదు. ఈ రేకుని ఏం చెయ్యాలి? ఇంటికి తేవద్దని అత్తయ్య మాట. పడిపోయిన తెల్లకుర్చీని లేపి, నెర్రె ఇచ్చిన కాలు సరిచూసి, సున్నాని దాని మీద కూర్చోబెట్టాను. అధికారిణి ఇంకా అక్కడే ఉంది, గడియారం సంచిలో పెట్టబోతోంది.

"దీనికి కూడా టైము చూడండి మేడమ్" అన్నాను.

ఆవిడ మొదటిసారి నా మొహంలోకి చూసింది. తర్వాత కుర్చీ వంక చూసింది. గడియారం మళ్ళీ బయటికి తీసి, నొక్కింది.